ఉడుము నిలబడిన చోటు

ముందు నీడ వైపు కుర్చీలు ఊడదీయమన్నారు. ఎండ వైపున్నవి ఉత్త బల్లలే కాబట్టి, గొడ్డలితో నాలుగు దెబ్బలు వేస్తే అవే ఊడొస్తాయని, వాటికి తొందరేం లేదని అన్నాడు ఇంజనీరు. కట్టిన నాటినుంచీ ఆ బేస్‌బాల్ స్టేడియంలో డబ్బున్నవాళ్ళు నీడలో కూర్చున్నారు, లేనివాళ్ళు ఎండలో మాడారు. కూలగొట్టేటప్పుడు కూడా ఆ మర్యాద తప్పలేదు.

రుఫీనో నీడ వైపు మోకాళ్ళ మీద కూర్చుని బోల్టులు విప్పుతున్నాడు. సముద్రం మీది ఉప్పుగాలికి ప్రతి బోల్టూ తుప్పుపట్టి నట్టుతో ఏకమైపోయింది. ముందు డీజిలు చుక్కలు వేసి, అది లోపలికి ఇంకేదాకా ఆగి, రెంచి బిగించి, దాని పిడికి ఇనపగొట్టం తొడిగి, ఒంటి బరువంతా మోపితే కిర్రుమని కదిలేది. కదలని బోల్టు తలని ఉలితో కొట్టేసేవాడు. కుర్చీకి మాత్రం చిన్న గీత కూడా పడకూడదని చెప్పారు. ప్రతి కుర్చీ వీపుకీ ఇత్తడి అంకె ఉంది. రాజధాని మనాగ్వాలో ఎవరో హోటలువాళ్ళు వాటిని గోడలకి తగిలించుకోవడానికి కొనుక్కున్నారట.

"జనం ముడ్డి ఆనించిన చెక్కని తిండి తినేచోట గోడకి తగిలిస్తారంట, కొంపాద్రే," అన్నాడు వెనక వరుసలోంచి చిలో. "నేను పుట్టి బుద్ధెరిగాక నీడ వైపు ఒక్కనాడు కూర్చోలేదు. ఇప్పుడు చూడు, ఏ కుర్చీ కావాలంటే ఆ కుర్చీ."

రుఫీనో నవ్వలేదు. చిలో కొడుకు యాదెర్‌కి అతను జ్ఞానతండ్రి. చర్చిలో ఆ పిల్లాడి తల మీద ఫాదిరి నీళ్ళు పోసిన రోజునుంచీ ఇద్దరూ పేర్లు పెట్టి పిలుచుకోవడం మానేసి కొంపాద్రే అనే పిలుచుకుంటున్నారు. తిట్టుకునేటప్పుడు కూడా అంతే.

"ఆ తోరణం కూడా కొట్టెయ్యమంటే బాగుండేది," అన్నాడు రుఫీనో. "అడిగితే నేనే కొడతా. కూలి కూడా అక్కర్లేదు."

గేటు దగ్గరి సిమెంటు తోరణాన్ని మాత్రం ఉంచుతున్నారు. రెండేళ్ళపాటు ఊరు రెండుగా చీలి కొట్టుకున్నాక తేలిన సంగతి అది. పెద్దరోడ్డు పక్కన కొత్త స్టేడియం కావాలన్నవాళ్ళు ఒక వైపు. వాళ్ళకి దీపాలు కావాలి, అందరి నెత్తిన పైకప్పు కావాలి, వాన వచ్చినా బురద కాని ప్లాస్టిక్ గడ్డి కావాలి. పాతదాన్ని ముట్టుకోవద్దన్నవాళ్ళు ఇంకోవైపు. వాళ్ళకో కమిటీ, తెల్లచొక్కాలు, ఊరంతా మర్యాదగా దోన్య అని పిలిచే రిటైరైన చరిత్ర టీచరు ఔరా పెద్ద. రుఫీనో కూడా ఆ చొక్కా వేసుకుని మేయరు ఆఫీసు ముందు అట్టముక్క పట్టుకుని నిలబడ్డాడు. ఆఖరికి పెద్దవాళ్ళు పెద్దవాళ్ళు కూర్చుని కాఫీ తాగి రాజీపడ్డారు. స్టేడియం పోతుంది, అక్కడ సంతా బస్టాండూ వస్తాయి. తోరణం ఉంటుంది. నోట్లో పళ్ళన్నీ పీకేసి బంగారు పన్ను ఒక్కటి వదిలేసినట్టు.

మధ్యాహ్నం రుఫీనో పెళ్ళాం ఎర్లిందా టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చింది. గేటు లోపలికి రానివ్వరు కాబట్టి రుఫీనోనే వెళ్ళాడు. అన్నం, ఎర్రబీన్సు కలిపి వేయించిన గాయో పింతో, వేయించిన అరటికాయ. ఆమె డబ్బా ఇచ్చింది గాని చెయ్యి వదల్లేదు.

"చూశావా?"

"చుట్టూ పట్టీ కట్టేశారు. మైదానంలోకి పోనివ్వట్లేదు."

"బుల్డోజరు గురువారమేనా?"

"గురువారమే. మేయరు పండగ అవగానే."

"మరి ఎప్పుడు తెస్తావు?"

"తెస్తానన్నాగా."

"సమాధుల పండగ వచ్చేస్తోంది రుఫీనో. నీలం రంగు కొన్నాను. మన సమాధి ఇటుకలు నిన్న కడిగొచ్చా. అన్ని సమాధుల్లో ఎవరో ఒకరున్నారు. మనదాంట్లో గాలి ఉంది."

ఆమె ఏడవలేదు. ఏడుపు ఆమెకి ఎప్పుడో అయిపోయింది. కొడుకు లెస్తెర్ ఎక్కిన పడవ ఈస్టరు ముందు వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. పడవ చెక్క ఒకటి దొరికింది, డీజిలు డబ్బా దొరికింది, మనిషి దొరకలేదు. ఖాళీ పెట్టె పాతిపెట్టుకుందామని ఫాదిరి అన్నాడు. ఎర్లిందా ఒప్పుకోలేదు. వాడి ఒంట్లోది ఒక్కటి నేల మీద ఉంది, అది తెచ్చి పెడితే వాడే దారి వెతుక్కుంటూ వస్తాడు అంది. పుట్టిన వారానికి రాలిన వాడి బొడ్డు ఈ మైదానంలోనే, రెండో బేసుకీ మూడో బేసుకీ మధ్య షార్ట్‌స్టాప్ అనే ఆటగాడు నిలబడేచోట ఉంది. ఆ ఊళ్ళో ఆడపిల్ల బొడ్డు పొయ్యికింద పాతుతారు, మగపిల్లాడిది స్టేడియంలో. ఎక్కడ పాతితే ఆ చోటు బిడ్డని పట్టుకుంటుందంటారు. లెస్తెర్‌ని ఆ నేల పట్టుకోలేకపోయింది, సముద్రం పట్టుకుంది.

"తిను. చల్లారిపోతుంది," అని ఆమె వెళ్ళిపోయింది.

*

మర్నాడు పొద్దున్నే రుఫీనో ఇంజనీరుని అడిగాడు. ఇంజనీరు చెడ్డవాడేం కాదు, కుర్రవాడు. "మైదానం నా చేతుల్లో లేదు మేస్త్రీ, కమిటీ వాళ్ళది. దోన్య ఔరా సరేనంటే నాకేం అడ్డం," అన్నాడు.

దోన్య ఔరా పాత టిక్కెట్ల గదిలో ఉంది. టేబులు నిండా బొటనవేలంత గాజుసీసాలు బారులు తీర్చి, ఒక్కోదాని మెడకి నీలం తెలుపు రిబ్బను కడుతోంది. గోడకి ఆనించిన పెద్ద అట్ట మీద ఎర్లిందా ఫొటో ఉంది. కింద లావు అక్షరాలతో 'మా బిడ్డల బొడ్డు పాతిన నేల' అని. స్టేడియం కాపాడండని మనాగ్వా దాకా తిప్పిన బొమ్మే అది. ఫొటోలో ఎర్లిందా నోరు తెరిచి ఏదో చెబుతోంది.

"రా రుఫీనో, కూర్చో. ఎర్లిందా ఎలా ఉంది?"

"అలాగే ఉంది." అతను కూర్చోలేదు. "గంటసేపు మైదానంలోకి వెళ్ళనివ్వండి దోన్య. చిన్న పార ఒకటి చాలు. మా వాడిది తీసుకుని మళ్ళీ పూడ్చేస్తా."

ఆమె రిబ్బను ముడి సగంలో ఆపింది. ఆమె మొహంలో నిజంగానే బాధ కనిపించింది. రుఫీనోకి ఒళ్ళు మండింది. ఈ బాధపడేవాళ్ళతో పెట్టుకోవడం కష్టం.

"నాకు తెలీదా నాయనా? కానీ గురువారందాకా ఆ నేలని ఎవరూ ముట్టుకోకూడదని నేనే కదా పట్టుబట్టి ఒప్పించింది. మేయరు మొదటి పార మట్టి తీస్తాడు. ఈ సీసాల్లో పోసి వచ్చిన పెద్దలందరికీ ఇస్తాం. బ్యాటు పట్టినవాడు నిలబడే హోమ్ ప్లేటుని ఊరేగింపుగా కొత్త స్టేడియానికి తీసుకెళ్తాం. ఇవాళ నిన్ను పోనిస్తే రేపు ఊరంతా గునపాలు పట్టుకుని రారూ?"

"వస్తే రానీండి. వాళ్ళ బిడ్డలవే కదా ఉన్నవి."

"అది అందరిదీ రుఫీనో."

"అందరిదీ అన్న మాట మాలాంటోళ్ళు ఏదన్నా అడిగినప్పుడే గుర్తొస్తుంది మీకు."

ఆమె మొహం ఎర్రబడింది. "ఈ స్టేడియం కోసం నేనెంత తిరిగానో నీకు తెలుసు."

"తెలుసు. మీతోపాటు మేమూ తిరిగాం. మీకు తోరణం దొరికింది."

"గురువారం పండగ అయ్యాక వెళ్ళి తవ్వుకో. నేను కాదన్నానా?"

"పండగ అయ్యాక బుల్డోజరు దిగుతుంది దోన్య. మోకాల్లోతు గీకి లారీలకెత్తుతుంది. ఏ రోడ్డు గుంటలో పోస్తారో వాళ్ళకే తెలీదు."

"అది ఇంజనీరుతో మాట్లాడుకోవాలి."

రుఫీనో గుమ్మం వైపు తిరిగాడు. బయటికొస్తూ ఫొటోలో ఉన్న పెళ్ళాం మొహం వైపు చూశాడు. ఆ అట్టముక్కని ఎన్ని ఊళ్ళు తిప్పారో. ఆమెని మాత్రం గేటు దాటనివ్వలేదు.

ఆ రోజంతా అతను కసిగా పనిచేశాడు. తలలు కొట్టేసిన బోల్టులు రోజూకంటే ఎక్కువయ్యాయి. రెండు కుర్చీల వీపులు చీలాయి. చిలో వాటిని చూసి, ఇంజనీరు కంటపడకుండా మిగతావాటి అడుగున తోశాడు.

*

బుధవారం మధ్యాహ్నం తిండయ్యాక పనివాళ్ళందరూ ఊడదీసిన కుర్చీల మధ్య టోపీలు మొహాన వేసుకుని పడుకున్నారు. గేటు దగ్గరి కాపలావాడు కూడా కునుకు తీస్తున్నాడు. రుఫీనో పొట్టి పార ఒకటి, మూరెడు ఇనప ఊచ ఒకటి తీసుకుని పట్టీ కిందనుంచి దూరాడు. నాలుగడుగులు వేశాక వెనక చెప్పుల చప్పుడైంది.

"ఒంటరిగా తవ్వితే దొంగంటారు," అన్నాడు చిలో. "ఇద్దరుంటే పనోళ్ళనుకుంటారు. పద."

రెండో బేసు దిండు ఎప్పుడో తీసేశారు గాని దాని గుర్తు నేల మీద ఉంది. అక్కడినుంచి మూడో బేసు వైపు నడిచి, ఎర్రమట్టి అయిపోయి గడ్డి మొదలయ్యేచోట రుఫీనో ఆగాడు. ఉడుము నిలబడే చోటు అదే. ఉడుము అంటే ఆ ఊరి షార్ట్‌స్టాప్. రుఫీనో కుర్రవాడిగా ఉన్నప్పుడు ఆ పేరుతో ఒకడు ఆడేవాడు. బంతి ఎటు వెళ్ళినా పాకుతూ పోయి నోటితో పట్టినట్టు పట్టేవాడు. అతని అసలు పేరు ఇప్పుడు అడిగితే ఊళ్ళో సగంమంది చెప్పలేరు.

రుఫీనో ఊచ దింపి చూశాడు. మెత్తగా దిగింది. ఇంకోచోట దింపాడు. గాజు తగిలిన చిన్న చప్పుడు.

ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చున్నారు. పార పక్కనపెట్టి చేతులతో మట్టి తీశారు. జానెడు లోతున ఇంజక్షను సీసా ఒకటి బయటపడింది. రబ్బరు మూత, మూత చుట్టూ గట్టిగా బిగించిన దారం. లోపల ఎండుమిరపకాయ తొడిమంత నల్లటిదేదో ఉంది. రుఫీనో చొక్కా అంచుతో దాన్ని తుడిచాడు. 

"ఇంత తొందరగానా! కన్యమరియమ్మ దయ," అన్నాడు చిలో, శిలువ గుర్తు వేసుకుంటూ.

పక్కనే ఇంకో సీసా మెరిసింది. దాని పక్కన ఇంకోటి. రుఫీనో తవ్వుతున్నాడు, అవి వస్తున్నాయి. కొన్ని పగిలి మట్టితో నిండిపోయాయి. కొన్ని గుడ్డలో కట్టినవి చేత్తో తాకితే పొడైపోయాయి. బాగున్నవే దోసిళ్ళకొద్దీ తేలాయి. అన్నీ ఒకటే రకం. మంత్రసాని దోన్య తీనా ఆరోగ్యకేంద్రంలో ఖాళీ అయిన పెన్సిలిన్ సీసాలు ఉడకబెట్టి ఉంచుకునేది. ప్రతి బాలింతకీ అందులోనే వేసి, ఆ దారంతోనే కట్టి, ఆ ముడే వేసి ఇచ్చేది.

చిలో ముందు నవ్వాడు. "చూశావా కొంపాద్రే, ఒక్క నాయాలు కూడా రైట్ ఫీల్డులో పాతలేదు. క్యాచరు కావాలన్నోడు లేడు. అందరికీ కొడుకు ఉడుమే అవ్వాలి. మనూరి జట్టు ఇన్నేళ్ళు ఎందుకేడ్చిందో ఇప్పుడు తెలిసింది."

నవ్వుతూనే ఆగిపోయాడు. సీసాల వైపు చూశాడు.

"యాదెర్‌ది కూడా ఇందులోనే ఉంది."

 రుఫీనో మొదట దొరికిన సీసాని చొక్కా జేబులో వేసుకోబోయాడు. చిలో అతని మణికట్టు పట్టుకున్నాడు.

"అది లెస్తెర్‌దేనా?"

"అనే అనుకుంటున్నా."

"అనుకుంటున్నావా?"

"వదులు, కొంపాద్రే."

"శ్మశానంలో పెడతావు నువ్వు దాన్ని. లోపల పెట్టి మూస్తావు. అది మావాడిదైతే?"

"ఇన్నిట్లో వాడిదే ఎందుకవుతుంది?"

"అవదని చెప్పు మరి. వాళ్ళమ్మ మీద ఒట్టేసి చెప్పు." చిలో గొంతు పెద్దది కాలేదు, ఇంకా సన్నబడింది. "బతికున్నవాడి బొడ్డు శ్మశానంలో పడితే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? వాడు పొద్దున్న మోటోటాక్సీ తీసుకుని వెళ్ళాడు. సాయంత్రం ఇంటికి రావాలి. వాడి తల మీద నీళ్ళు పోసినప్పుడు వాణ్ణి ఎత్తుకున్నది నువ్వే కదరా!"

"నీకేం, సాయంత్రం తలుపు దగ్గర కూర్చుంటే వస్తాడు నీ కొడుకు. నేనూ కూర్చుంటున్నా ఏడు నెలలనుంచీ."

ఆ మాట అనగానే అతనికే రోతనిపించింది. చిలో చెయ్యి వదిలేశాడు. ఇద్దరూ ఆ గుంటకి అటూ ఇటూ, కొట్టుకుని అలిసిపోయిన కుక్కల్లాగా రొప్పుతూ కూర్చున్నారు. కుర్చీల మధ్యనుంచి ఎవరిదో గురక వినిపిస్తోంది.

రుఫీనో జేబులోంచి సీసా తీసి మిగతావాటిలో కలిపాడు. కలిపాక ఏది మొదటిదో అతనికీ తెలియలేదు. తర్వాత టిఫిన్ డబ్బా తెచ్చి అన్నిటినీ అందులో సర్దాడు.

"అన్నీనా?" అన్నాడు చిలో.

"బుల్డోజరుకి వదిలెయ్యమంటావా?"

చిలో లేచి మట్టి తోసి గుంట పూడ్చాడు. కాళ్ళతో తొక్కి, ఆట మధ్యలో నేల చదును చేసే ఇనపజల్లెడ మూలనుంచి లాక్కొచ్చి దాని మీద రెండుసార్లు ఈడ్చాడు. చేసిన పని బాగా చేశాడు. మర్నాడు మేయరు అక్కడే నడిచినా ఏమీ కనపడలేదు.

*

ఎర్లిందా డబ్బా మూత తీసి, వెంటనే మూసేసింది. మళ్ళీ తీసింది.

"ఇన్ని ఎందుకు తెచ్చావు?"

అతను చెప్పాడు. ఆమె ప్లాస్టిక్ గుడ్డ పరిచిన బల్ల మీద వాటిని ఒక్కొక్కటీ పెట్టి, తడిగుడ్డతో తుడిచి, కిటికీ వెలుతురులో పట్టి చూసింది. చాలాసేపు చూసింది. మొదట్లో, నేను చూస్తే తెలుస్తుంది అంది. కన్నదాన్ని నాకు తెలీకపోవడమేంటి అంది. చివరి సీసా దగ్గరికి వచ్చేసరికి ఆ మాట అనడం మానేసింది.

"ఒకటి తీసుకో," అన్నాడు రుఫీనో నేల చూపు చూస్తూ. "ఏదో ఒకటి. చిలోకి నేను చెప్పను. ఫాదిరికీ చెప్పక్కర్లేదు. నీలం రంగు కొన్నావుగా."

ఆమె ఒక సీసా ఎంచి పక్కన పెట్టింది. కాసేపయ్యాక దాన్ని తీసేసి వేరేది పెట్టింది.

బయట మోటోటాక్సీ ఆగింది. యాదెర్ తలుపు తట్టకుండానే లోపలికొచ్చాడు. చేతిలో అరటాకు పొట్లం.

"అమ్మ నకతమాల్ పంపింది. ఏం చేశారు మా నాన్నని మీరు? పనినుంచి వచ్చి నా బండి తాళం దాచేశాడు. ఇవాళ ఇంక తిప్పొద్దంటాడు. తాళం లేకుండా స్టార్టు చెయ్యడం నాకు రాదనుకుంటున్నాడు ముసలాయన." పకపకా నవ్వి బల్ల మీదికి వంగాడు. "ఇవేంటి? కోళ్ళకి సూదిమందా?"

ఒకటి తీసి చెవి దగ్గర ఆడించాడు. అది ఎర్లిందా పక్కన పెట్టిన సీసా.  ఎర్లిందా లేచి, పసివాడి చేతిలోంచి చాకు తీసుకున్నట్టు, మెల్లగా యాదెర్ వేళ్ళు విప్పి దాన్ని తీసుకుంది.

"కూర్చో. తినిపో."

"తిన్నానమ్మా ఇంట్లో."

"ఇంకొంచెం తిను. నా ఎదురుగా తిను."

యాదెర్ కూర్చున్నాడు. ఆమె పొట్లం విప్పి వాడి ముందే పెట్టింది. వాడు మొక్కజొన్నపిండి ముద్ద వేళ్ళతో తుంచి, మాంసం ముక్కని ముందు తినేసి, కొవ్వు ముక్కని పక్కకి నెట్టాడు. లెస్తెర్ కూడా కొవ్వు అలాగే పక్కకి నెట్టేవాడు. ఇద్దరూ ఒకే వానాకాలంలో పుట్టారు, దోన్య తీనా చేతుల్లోనే. కొత్త స్టేడియం పూర్తయితే రాత్రి ఆటలుంటాయి, ఆ రోజుల్లో బేరాలు బాగుంటాయి, అప్పు తీరిపోతుంది, పాతదాని కోసం ఎవరేడుస్తారు అని వాడు చెబుతూనే ఉన్నాడు. తర్వాత ఎవరి ఇంట్లో ఉన్నాడో గుర్తొచ్చి, నాలిక కరుచుకుని తలవంచుకుని తిన్నాడు.  ఎర్లిందా వాడి మెడ దగ్గర ఆడుతున్న నరాన్ని చూస్తూ కూర్చుంది.

వాడు వెళ్ళిపోయాక, బండి చప్పుడు మలుపు తిరిగేదాకా విని, పక్కన పెట్టిన సీసాని మళ్ళీ డబ్బాలో వేసింది.

"శ్మశానానికి ఒక్కటి కూడా పోదు," అంది.

"ఎర్లిందా—"

"పోదన్నానా."

"మరి ఇన్నాళ్ళూ నన్ను చంపుకుతిన్నావు గదే, తెస్తావా తెస్తావా అని!"

"ఇన్నాళ్ళూ మనవాడిది అడిగాను. ఇది మనవాడిదో కాదో చెప్పు, ఇప్పుడే పోయి పెట్టొస్తా."

 పొయ్యిలో నిప్పు చల్లారిపోతుంటే ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు.

"పెరట్లో పాతనా?"

"ఇంటి ఓనరు రేపు పొమ్మంటే ఎవరొస్తారో ఈ ఇంట్లోకి. అయినా అందరి కొడుకుల్నీ నేను పట్టుకు కూర్చుంటానా?"

"కొత్తదాంట్లో మట్టే లేదు. కంకర పోసి పైన ప్లాస్టిక్ పరుస్తున్నారు. నేను చూశా."

"పాతదాంట్లో ఏం మిగులుస్తున్నారు?"

"ఏమీ మిగల్చట్లేదు."

"తోరణం?"

రుఫీనో తల పక్కకి తిప్పుకున్నాడు.

*

తోరణం ఎడమకాలు దగ్గర సిమెంటు పగిలి లోపలి ఊచలు బయటపడి ఉన్నాయి. బుల్డోజరు దిగేలోపు దాని పాదం చుట్టూ తవ్వి కొత్తగా కాంక్రీటు పొయ్యాలి. గురువారం పొద్దున్నే ఆ పని ఎవరు చేస్తారని ఇంజనీరు అడిగితే రుఫీనో చెయ్యెత్తాడు.

"నువ్వా? నిన్నటిదాకా కూల్చెయ్యమన్నావుగా!"

"కూలి కూలే కదా ఇంజనీరుగారూ."

చిలో ఏమీ అడక్కుండానే ఇసుక జల్లించడం మొదలుపెట్టాడు. నిన్నటినుంచీ ఇద్దరి మధ్యా మాటల్లేవు. రుఫీనో గుంట చెప్పినదానికంటే లోతుగా తవ్వాడు. అడుగున రాయి తీసేసి మెత్తటి మట్టి దాకా వెళ్ళాడు. లోపల మైదానంలో బ్యాండు మేళం సర్దుకుంటోంది. బూర ఒకటి అపస్వరంగా పలికి ఆగింది. కార్లు ఒక్కొక్కటే వచ్చి తోరణం కిందనుంచి లోపలికి వెళుతున్నాయి. దిగినవాళ్ళందరూ తెల్లబట్టల్లో ఉన్నారు. బూట్లకి దుమ్ము అంటకుండా నడుస్తున్నారు.

ఎర్లిందా టిఫిన్ డబ్బాతో వచ్చింది. గేటు బయటే కాబట్టి ఎవరూ అడ్డుకోలేదు. పనివాడికి పెళ్ళాం తిండి తెచ్చిందనుకున్నారు. ఆమె గుంట అంచున కూర్చుని మూత తీసింది. చిలో పార వదిలేసి వచ్చి డబ్బాలోకి చూశాడు. ఒక్కటీ తగ్గలేదని చూసుకున్నాడో, ఊరికే చూశాడో. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"కొమాద్రే," అన్నాడు.  "రాత్రంతా ఆలోచించా. ఒకటి తీసుకో. ఏదైనా సరే. నేనేం అనను."

"నువ్వు అనవు," అంది ఎర్లిందా. "నాకు తెలుసు. కానీ యాదెర్ రోజూ నా కళ్ళముందే తిరుగుతాడే."

ఒక సీసా తీసి పెదాలకి ఆనించి రుఫీనోకి ఇచ్చింది. అతను గుంటలో వంగి దాన్ని మెత్తటి మట్టిలో పెట్టాడు. ఇంకోటి తీసి అలాగే ముద్దుపెట్టుకుని ఇచ్చింది. ఏ ఒక్కదాని దగ్గరా తొందరపడలేదు, ఏ ఒక్కదాన్నీ ఎక్కువసేపు పట్టుకోలేదు. అన్నిటినీ ముద్దాడితే తనదీ అందులో ఉంటుంది. అంతకంటే దారి లేదు. లోపల మైకులో మేయరు మాట్లాడుతున్నాడు. ఈ పవిత్రమైన మట్టి, మన తాతల చెమట, మన బిడ్డల రేపు. జనం చప్పట్లు కొట్టారు. చిలో ఎవరికీ కనపడకుండా టోపీతో మొహం తుడుచుకున్నాడు.

డబ్బా ఖాళీ అయ్యింది. ఎర్లిందా దాన్ని బోర్లించి, అడుగున తట్టి, అంటుకున్న కాస్త మట్టి కూడా గుంటలోకి రాలేలా చేసింది. తర్వాత లేచి, గౌను దులుపుకుని, వెనక్కి చూడకుండా నడిచింది. సమాధుల పండగనాడు ఆమె ఆ ఖాళీ ఇటుకలకి నీలం రంగు వేస్తుంది. అది అతనికి తెలుసు. లోపల గాలే ఉంటుంది. అదీ తెలుసు.

సీసాల మీద జానెడు మట్టి వేసి, పైన రాళ్ళు పేర్చి, రుఫీనో కాంక్రీటు పోశాడు. ఊచతో పొడిచి పొడిచి గాలి బుడగ లేకుండా చేశాడు. సిమెంటు ఇంకో బస్తా అడిగాడు.

"అలంకారానికి నిలబెట్టినదానికి అంత సిమెంటు ఎందుకయ్యా?" అన్నాడు ఇంజనీరు.

"పడిపోకూడదు," అన్నాడు రుఫీనో.

పండగ ముగిసింది. హోమ్ ప్లేటుని పూలదండ వేసిన జీపులో ఎక్కించుకుని బ్యాండుతో వెళ్ళిపోయారు. దోన్య ఔరా అందరికంటే వెనక, ఒంటరిగా వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అతని పక్కన ఆగి, రిబ్బను కట్టిన సీసా చాపింది. "నీకోసం ఒకటి ఉంచాను. ఎర్లిందాకి ఇవ్వు."

రుఫీనో సిమెంటు చేతుల్ని చూపించాడు. "అంటుకుంటుంది దోన్య. మీరే ఉంచుకోండి. అందులో ఉత్త మట్టే."

ఆమె ఇంకేదో అనబోయింది గాని, అప్పుడే లోపల బుల్డోజరు మొదలైంది. ఎండ వైపు బల్లలు విరుగుతున్న చప్పుడు వినిపించింది. ఆమె చెవులు మూసుకుని వెళ్ళిపోయింది. రుఫీనో అటు తిరగలేదు. తాపీతో కాంక్రీటుని ఒక పక్కకి వాలుగా, వాన నీరు నిలవకుండా చదును చేస్తున్నాడు.

రోడ్డు మీద యాదెర్ మోటోటాక్సీ హారన్ కొట్టుకుంటూ పోయింది. చిలో ఆ బండి కనుమరుగయ్యేదాకా చూసి, బక్కెట్టుతో నీళ్ళు తెచ్చి రుఫీనో పక్కన పెట్టాడు. పొద్దు వాలుతోంది. తోరణం నీడ పొడవుగా జరిగి ఆ తడి సిమెంటు మీదికి వచ్చింది.

"పోనీలే కొంపాద్రే," అన్నాడు చిలో. "మనోళ్ళకి ఆఖరికి నీడ వైపే దొరికింది."

రుఫీనో నవ్వలేదు. కొత్త సిమెంటు బీటలివ్వకుండా తడపాలి. బక్కెట్టులో చెయ్యి ముంచి, పసివాడి తల మీద పోసినట్టు, కొంచెం కొంచెంగా దాని మీద నీళ్ళు పోశాడు.